కెప్టెన్ కేటర్ – లోలకం, కొలబద్ద, దిక్సూచి

డిగ్రీలో భౌతికశాస్త్రం చదివిన వారికి కేటర్ లోలకం పరిచయమే. గోడకు బిగించిన ఆధారం నుండి వేలాడే ఒక లోహపు కడ్డీ, దానికి రెండు వాదరలు, పైకీ కిందికీ జరిపే రెండు మూడు దిమ్మలు. దానిని ఊపి, ఊపులు లెక్కించి, తలకిందులు చేసి మళ్ళీ లెక్కించి, గురుత్వ త్వరణం విలువ రాసి, రికార్డు పుస్తకం మీద సంతకం చేయించుకోవడంతో చాలామందికి ఆ పేరుతో సంబంధం తీరిపోతుంది. ఆ లోలకానికి పేరిచ్చిన మనిషి యౌవనంలో మైసూరు సీమ గుట్టల మీద తిరిగాడనీ, ఆయన రూపొందించిన తొలి పరికరాలలో ఒకటి ఇక్కడి బయళ్ళలో మొలిచే గడ్డితో తయారైనదనీ, లండన్‌లో ప్రమాణంగా నిలిచిన ఆ లోలకం ఊగినది హిందూదేశపు ఉక్కు అంచు మీదనేననీ పాఠ్యపుస్తకాలు చెప్పవు.

హెన్రీ కేటర్ 1777 ఏప్రిల్ 16న ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో జన్మించాడు. తండ్రి జర్మన్ వంశీకుడు, చక్కెర శుద్ధి వ్యాపారం చేసేవాడు. కొడుకు న్యాయవాది కావాలన్నది ఆయన కోరిక. కుర్రవానికి గణితం మీద మక్కువ ఉన్నా తండ్రి మాట కాదనలేక న్యాయవాదుల కార్యాలయంలో పని నేర్చుకోవడానికి చేరాడు. 1794లో తండ్రి మరణించగానే ఆ కట్టు తెగింది. 1799లో, ఆ కాలపు ఆచారం ప్రకారం సొమ్ము చెల్లించి, 12వ పదాతిదళంలో ఉద్యోగం కొనుక్కున్నాడు. ఆ దళం అప్పుడు హిందూదేశంలో ఉన్నది. శ్రీరంగపట్నం పతనమై టిప్పు సుల్తాను మరణించిన సంవత్సరమే అది.

టిప్పు రాజ్యం చేజిక్కిన తరువాత కంపెనీ వారికి ఆ భూమి కొలతలు కావలసివచ్చాయి. విలియం లాంబ్టన్ అనే సైనికోద్యోగి తూర్పు సముద్రం నుండి పడమటి సముద్రం వరకు త్రికోణాలు అల్లుకుంటూ పోయే సర్వే ఒకటి ప్రతిపాదించాడు. 1800లో బెంగళూరు దగ్గర పని మొదలైంది. 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ పరిసరాలలో అసలైన ఆధార రేఖ కొలత ఆరంభమైంది. లాంబ్టన్‌కు సహాయకులుగా వచ్చిన ఇద్దరు యువ లెఫ్టినెంట్లలో ఒకడు జాన్ వారెన్, రెండవవాడు కేటర్. వారెన్ కథ వేరే రాయదగినది. 1802లో కోలారు ప్రాంతపు బంగారు మన్ను సంగతి విచారించి నమోదు చేసినది ఆయనే. దక్షిణదేశపు పంచాంగ గణితం మీద 1825లో కాలసంకలిత అనే పెద్ద గ్రంథం వెలువరించినదీ ఆయనే.

ఆ సర్వేలో దూరం కొలిచినది ఉక్కు గొలుసుతో. చైనా చక్రవర్తికి కానుకగా పోయి, అక్కడ ఆదరణ లేక తిరిగివచ్చిన 100 అడుగుల గొలుసు అది. దానిని నేల మీద పరచి కొలిస్తే లాభం లేదు. చెక్క పెట్టెలలో సమతలంగా పరచి, ఎండ తగలకుండా పైన డేరా వేసి, పక్కన ఉష్ణమాపకాలు ఉంచి, వేడికి ఉక్కు ఎంత సాగిందో ప్రతిసారీ లెక్కగట్టి తీసివేయాలి. 1804లో బెంగళూరు దగ్గర ఏడున్నర మైళ్ళ ఆధార రేఖను అలాగే కొలిచారు. మద్రాసు నుండి త్రికోణాల మీదుగా లెక్కించి వచ్చిన పొడవుకు, నేల మీద కొలిచిన పొడవుకు తేడా నాలుగు అంగుళాల లోపే వచ్చింది. అక్కడి నుండి త్రికోణాలు పడమటి కనుమలు దాటి సముద్రం చేరేసరికి, పాత పటాలలో 400 మైళ్ళుగా చూపిన ద్వీపకల్పపు వెడల్పు 360 మైళ్ళేనని తేలింది. నలభై మైళ్ళ నేల కాగితం మీదనే ఉన్నదన్న మాట.

కేటర్‌కు ఇది పాఠశాల. గొలుసు సాగుతుంది, కడ్డీ వంగుతుంది, గాలి వెలుతురును వంచుతుంది, తేమ కలపను ఉబ్బిస్తుంది. పరికరం చెప్పినది నమ్మే ముందు ఆ పరికరాన్నే కొలవాలి. నేటి శాస్త్ర పరిభాషలో క్రమాంకనం అంటున్నది ఇదే. ఆ తరువాత ముప్పై ఏళ్ళూ ఆయన చేసిన పనిలో ముఖ్యమైనదంతా ఈ ఒక్క విద్యకు శాఖోపశాఖలే.

గాలిలోని తేమ కాంతిని వంచే తీరును మారుస్తుందేమోనన్న సందేహం సర్వే వారికి ఉండేది. దూరపు గుట్ట మీది జెండాను గురిచూసినప్పుడు కోణం ఎంత నమ్మదగినదో తేల్చాలంటే తేమను కొలవాలి. అప్పట్లో తేమమాపకాలకు వెంట్రుకలు, తిమింగలపు ఎముక పీలికలు వాడేవారు. కేటర్ చూపు మైసూరు బయళ్ళలోని ఒక గడ్డి మీద పడింది. పశువుల కాపరులకు, గొర్రెల మందల వారికి ఈ గడ్డితో చెడ్డ అనుభవమే. దాని గింజకు పొడవాటి నల్లని మీసం ఉంటుంది. బట్టలకు, గొర్రెల ఉన్నికి పట్టుకొని, తేమ తగిలినప్పుడల్లా మెలిక విప్పుకొంటూ, ఆరినప్పుడల్లా మళ్ళీ మెలిపడుతూ లోలోపలికి దిగిపోతుంది. నడిచే మనిషికి చికాకు కలిగించే ఆ మెలికే కేటర్‌కు పనికివచ్చింది. మీసం ఒక కొన బిగించి, రెండవ కొనకు ముల్లు తగిలించి, అది ఎన్ని చుట్లు తిరిగిందో చూపే చిన్న పరికరం తయారు చేశాడు. దాని వివరణ ఏషియాటిక్ రిసెర్చెస్ సంపుటాలలో వెలువడింది. ఆ గడ్డి పేరు ఇంగ్లీషు గ్రంథాలలో పనిమూలూ అని నమోదైంది. చివరి భాగం ముల్లు అన్న మాటేనని తెలుగు చెవికి, కన్నడ చెవికి కూడా వెంటనే తోస్తుంది. ఏ కాపరి నోట విన్న మాటనో దొరగారు తన అక్షరాలలో పట్టుకున్నారు.

ఎండ, వాన, అడవి జ్వరాలు ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. సర్వే విడిచి ఇంగ్లండు చేరక తప్పలేదు. శాండ్‌హర్స్ట్ సైనిక విద్యాలయంలో ఉన్నత శాఖలో చదివి, 1814లో కెప్టెన్ హోదాతో సగం జీతం మీద సైన్యం నుండి తప్పుకున్నాడు. అదే సంవత్సరం రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకున్నది. అప్పటికి వయస్సు 37. ఇక మిగిలిన జీవితమంతా లండన్‌లోనే.

ఆ రోజులలో ఇంగ్లండును వేధించిన ప్రశ్న ఒకటున్నది. గజం అంటే ఎంత? పార్లమెంటు వద్ద ఒక ఇత్తడి కొలబద్ద ఉన్నది. అది పోతే? ఫ్రాన్సు వారు భూగోళాన్నే ఆధారం చేసుకొని మీటరును నిర్ణయించారు. ఇంగ్లీషు వారు లోలకం వైపు మొగ్గారు. ఒక చోట సెకనుకొక ఊపు ఊగే లోలకం పొడవు ఎప్పటికీ ఒకటే గదా, దానితో గజాన్ని ముడివేస్తే కొలబద్ద కాలిపోయినా, దొంగలపాలైనా తిరిగి సంపాదించుకోవచ్చునన్నది ఆలోచన. 1816లో కామన్స్ సభ కోరిక మీద ఈ పని రాయల్ సొసైటీకి వచ్చింది. సంఘంలో కేటర్ కూడా ఉన్నాడు.

చెప్పినంత తేలిక కాదు ఆ కొలత. సన్నని దారానికి బిందువంత బరువు వేలాడదీస్తే పొడవు అనే మాటకు అర్థం ఉన్నది. దారానికీ బరువు ఉంటుంది, గుండుకూ పరిమాణం ఉంటుంది. గట్టి కడ్డీని ఊపితే, దాని బరువంతా ఒక్క చోట చేరి ఊగినట్టు భావించదగిన బిందువు లోహం లోపల ఎక్కడో ఉంటుంది. దానిని డోలన కేంద్రం అంటారు. లోహం లోపల సాంద్రత అంతటా ఒకే విధంగా లేకపోతే ఆ బిందువు ఎక్కడున్నదో గణితం చెప్పలేదు.

దారి చూపినది డచ్ శాస్త్రజ్ఞుడు హైగెన్స్ 1673లో ప్రకటించిన సిద్ధాంతం. వేలాడే బిందువు, డోలన కేంద్రం ఒకదాని స్థానంలో ఒకటి మారినా ఊపు కాలం మారదు. అంటే కడ్డీకి రెండు వాదరలు పెట్టి, ఏ వాదర మీద ఊపినా ఒకే కాలం వచ్చేటట్టు దిమ్మలను సర్దితే, ఆ రెండు వాదరల మధ్య దూరమే లోలకం పొడవు. లోపలి బిందువును వెదకవలసిన పని లేదు. ఫ్రాన్సులో ప్రోనీకి, జర్మనీలో బోనెన్‌బర్గర్‌కు ఈ ఊహ ముందే వచ్చింది. ప్రోనీ రాసినది ఆ శతాబ్దం చివరి వరకు అచ్చు కాలేదు. బోనెన్‌బర్గర్ 1811లో తన గ్రంథంలో రాసి ఊరుకున్నాడు. కేటర్ సొంతంగా ఆలోచించి, చేసి చూపాడు. ఊహకు మొదటి హక్కు ఎవరిదైనా, పేరు నిలిచినది లోహంలో పోతపోసిన వానికే. అందులో అన్యాయం ఉన్నదనడం కష్టం.

ఆ లోలకం సుమారు ఒకటిన్నర అంగుళం వెడల్పు, అంగుళంలో ఎనిమిదో వంతు మందం గల ఇత్తడి పట్టీ. ఒక చివర పెద్ద బరువు. నడుమ జరిపే చిన్న బరువు, దానికంటె చిన్నది మరచుట్టుతో వెంట్రుకవాసి మాత్రమే కదిలేది ఇంకొకటి. వాదరలు అగేటు రాతి పలకల మీద ఆనుతాయి. ప్రయోగం మొత్తం ఈ వాదరల మీద ఆధారపడినది. వాదర మొద్దుబారినా, నలిగినా, రవ్వంత వంగినా పొడవు మారిపోతుంది. అందుకు కేటర్ ఎంచుకున్న లోహం వూట్జ్. ఉక్కు అన్న మన మాటే ఇంగ్లీషు వారి నోట అలా మారిందని పండితుల నిర్ణయం.

తెలంగాణలోని కోనసముద్రం వంటి ఊళ్ళలో, మైసూరు సీమలో, మట్టి మూసలలో ఇనుమును ఆకులతో, చెక్కతో కలిపి మూతవేసి, రోజంతా కొలిమిలో కాచి దించే ఉక్కు ముద్దలు శతాబ్దాలుగా దేశాంతరాలకు పోయేవి. 1790లలో బొంబాయి నుండి పంపిన ముద్దలు లండన్ శాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరిచాయి. జేమ్స్ స్టోడార్ట్ అనే పేరున్న కత్తుల పనివాడు వాటితో శస్త్రచికిత్స కత్తులు చేసి, తనకు తెలిసిన ఉక్కులన్నిటిలో ఇదే మేలని ప్రచారం చేశాడు. తరువాత కాలంలో మైకేల్ ఫారడే కూడా ఆయనతో కలిసి ఈ ఉక్కు గుట్టు విప్పాలని ప్రయోగాలు చేశాడు. కోనసముద్రంలో ఉక్కు కాచే పద్ధతిని కన్నులారా చూసి వర్ణించిన వైద్యుడు వాయ్‌సీ లాంబ్టన్ సర్వేలో పనిచేసినవాడే. ఏది ఏమైనా, లండన్‌లో సూక్ష్మమైన కొలతకు తగిన అంచు కావలసివచ్చినప్పుడు, దేశం నిండా కొలుములు ఉన్న ఇంగ్లండు ఉక్కును కాదని కేటర్ ఈ ఉక్కు వైపు చెయ్యి చాచాడు.

లండన్‌లో పోర్ట్‌లండ్ ప్లేస్ అనే వీధిలో ఒక మిత్రుని ఇంట ప్రయోగం సాగింది. ఆ ఇంట మంచి ఖగోళ గడియారాలు ఉండేవి. గడియారపు లోలకానికి తెల్లని చుక్క అంటించి, దానికి ముందు తన లోలకాన్ని వేలాడదీసి, ఎదుట దూరదర్శిని ఉంచుకొని కేటర్ కూర్చునేవాడు. రెండు లోలకాలూ కొంచెం తేడా వేగాలతో ఊగుతాయి. నెమ్మదిగా ఒకటి వెనుకబడుతుంది. ఒక క్షణంలో ముందున్న పట్టీ తెల్లని చుక్కను పూర్తిగా కప్పివేస్తుంది. ఆ క్షణం రాసుకుంటారు. మళ్ళీ ఎనిమిదిన్నర నిముషాల చుట్టుపక్కల అదే కలయిక. ఆ నడిమి కాలంలో గడియారం కంటె లోలకం సరిగ్గా రెండు ఊపులు తక్కువ ఊగి ఉంటుంది. ఒక్కొక్క ఊపునూ లెక్కించవలసిన పనే లేదు. కలయికను గుర్తించడంలో ఒక సెకను తప్పినా, రోజు మొత్తం మీద 86,000 పైచిలుకు ఊపులలో ఒక ఊపుకంటె తక్కువే తేడా వస్తుంది.

తరువాత తలకిందులు చేయడం, మళ్ళీ కూర్చోవడం, మరచుట్టు వెంట్రుకవాసి తిప్పడం, మళ్ళీ కూర్చోవడం. రెండు వైపులా కాలం ఒకటయ్యాక, వాదరల మధ్య దూరాన్ని సూక్ష్మదర్శినులతో కొలవాలి. ఆపైన సవరణలు: ఇత్తడి వేడికి ఎంత సాగింది, ఊపు వెడల్పు వల్ల కాలం ఎంత పెరిగింది, చుట్టూ ఉన్న గాలి లోలకాన్ని ఎంత తేలుస్తున్నది, సముద్ర మట్టానికి ఆ గది ఎంత ఎత్తున ఉన్నది. 1818లో ఈ ప్రయోగం వివరంగా అచ్చయింది. లండన్ అక్షాంశంలో, శూన్యంలో, సముద్ర మట్టం వద్ద సెకను లోలకం పొడవు 39.1393 అంగుళాలుగా చట్టంలోకి ఎక్కింది. రాయల్ సొసైటీ వారి అత్యున్నత పురస్కారమైన కోప్లీ పతకం 1817 సంవత్సరానికే ఆయనకు దక్కింది.

పొడవు తెలిస్తే గురుత్వం తెలుస్తుంది. భూమి ధ్రువాల వద్ద నొక్కుకొని ఉన్నది కాబట్టి గురుత్వం అంతటా ఒకటి కాదు. లండన్‌లో సరిచేసిన లోలకపు గడియారం మద్రాసుకు తెస్తే రోజుకు రెండు నిముషాలకు పైగా వెనుకబడుతుంది. ఆ తేడాను ఊరూరా కొలవగలిగితే భూమి ఆకారమే బయటపడుతుంది. ప్రతి ఊరిలోనూ రెండు వాదరల ప్రయోగం సాధ్యం కాదు. అందుకు కేటర్ ఇంకొక సాధనం చేశాడు. ఒక్క వాదర, జరిపే దిమ్మలు ఏవీ లేవు, అంతా ఒకటిగా బిగించినది. దీనిని మార్పులేని లోలకం అన్నారు. ముందు లండన్‌లో ఊపి రోజుకెన్ని ఊపులో రాసుకోవాలి. తరువాత ఎక్కడికి తీసుకుపోయి ఊపినా, ఆ రెండు సంఖ్యల వర్గాల నిష్పత్తి ఆ రెండు చోట్ల గురుత్వాల నిష్పత్తిని చెబుతుంది. తిరిగివచ్చి లండన్‌లో మళ్ళీ ఊపాలి. మొదటి సంఖ్యే వస్తే దారిలో వాదర చెడలేదన్న మాట. నేడు గురుత్వమాపకాలను తెలిసిన చోట సరిచూసి, పనికి పంపి, తిరిగివచ్చాక మళ్ళీ సరిచూసే పద్ధతికి ఇది పూర్వరూపం.

కేటర్ స్వయంగా ఆ లోలకాన్ని షెట్లండ్ దీవులలోని అన్స్ట్ నుండి దక్షిణాన వైట్ దీవి వరకు మోసుకుపోయి కొలిచాడు. తరువాత ఆ తరహా లోలకాలు ఓడలెక్కాయి. ఎడ్వర్డ్ సబైన్ వాటిని ఆర్కిటిక్ మంచులోకీ, భూమధ్యరేఖ ప్రాంతానికీ తీసుకుపోయాడు. మద్రాసు నక్షత్రశాలలో జాన్ గోల్డింగ్‌హామ్ 1821లో ఊపాడు. మద్రాసులో సెకను లోలకం లండన్ లోలకం కంటె అంగుళంలో పదో వంతుకు కొంచెం మించి పొట్టిదని తేలింది. యౌవనంలో కేటర్ గొలుసులు పరచడం నేర్చిన నేలకు, పదిహేను ఏళ్ళు దాటాక ఆయన లోలకం వచ్చి చేరింది. ఆయన మాత్రం తిరిగి రాలేదు.

నావికుల దిక్సూచి మీద కూడా ఆయన చేసిన పని చిన్నది కాదు. 1818లో వాయవ్య మార్గం వెదుకుతూ ఇంగ్లీషు ఓడలు ఉత్తరానికి పోయాయి. అయస్కాంత ధ్రువం సమీపించేకొద్దీ సూదిని అడ్డంగా లాగే బలం సన్నగిల్లి, దిక్సూచి మత్తెక్కినట్టు నిలిచిపోతుంది. ఎటువంటి ఉక్కుతో, ఏ ఆకారంలో చేస్తే సూదికి బలం ఎక్కువ? ఓడల కంసాలులు తమ తమ అలవాటు కొద్దీ చేసేవారు. కేటర్ రకరకాల ఉక్కులతో రకరకాల ఆకారాల సూదులు చేయించి, ఒక్కొక్కదాని బలాన్నీ కొలిచి పోల్చాడు. గడియారపు స్ప్రింగు ఉక్కు మేలనీ, అయిదు అంగుళాల పొడవుకు రెండు అంగుళాల వెడల్పు చొప్పున నడుమ ఖాళీ ఉంచిన సమచతుర్భుజపు పతంగి ఆకారం మేలనీ, వీలయినంత తక్కువసార్లు నిప్పు తగలాలనీ, మొత్తం గట్టిపరచిన తరువాత రెండు కొనలు విడిచి నడుమ మాత్రమే మెత్తపరచాలనీ తేల్చాడు. ఇది 1821లో అచ్చయింది.

సబైన్‌కు సంబంధించిన సంగతి ఒకటి చెప్పక తీరదు. లోలకాలతో లోకం చుట్టివచ్చిన సబైన్, అక్కడక్కడ అక్షాంశాలు కనుగొనడానికి ఒక చిన్న వలయ పరికరం వాడాడు. దానికి రసమట్టం ఉన్నది. ఆ మట్టం మీది ఒక్కొక్క గీత ఒక సెకను కోణానికి సమానమని ఆయన లెక్కలు కట్టుకున్నాడు. ఆ పరికరం తరువాత కేటర్ చేతికి వచ్చింది. కేటర్ అలవాటు ప్రకారం ముందు పరికరాన్ని కొలిచాడు. ఒక్కొక్క గీత విలువ ఒక సెకను కాదు, 10.9 సెకనులు. సబైన్ ఫలితాలలో కనిపించిన అద్భుతమైన పొందిక మీద అనుమానం పుట్టింది. 1830లో చార్లెస్ బాబేజ్ ఇంగ్లండులో విజ్ఞానం దిగజారుతున్నదని పుస్తకం రాసి, ఈ రసమట్టాన్ని అందరి ముందు పెట్టాడు. అప్పటికి కేటర్ రాయల్ సొసైటీ కోశాధికారి, సబైన్ ఆయన లోలకాన్ని లోకమంతా తిప్పినవాడు. అయినా మట్టం చెప్పినదే చెప్పాడు, దాచలేదు. సబైన్‌కు దీనివల్ల వచ్చిన నష్టం పెద్దగా లేదనే అనాలి. 1861లో ఆయన ఆ సొసైటీకే అధ్యక్షుడయ్యాడు.

కొలబద్దల విషయంలోనూ ఇంతే. ఇంగ్లండులో ప్రమాణాలుగా చెలామణి అవుతున్న గజాలన్నిటినీ 1821లో ఒకదానితో ఒకటి పోల్చాడు. ఏ రెండూ ఒకటి కావు. లాంబ్టన్ సర్వేలో వాడిన కొలబద్ద గజానికి 36 అంగుళాలకు బదులు 35.99934 అంగుళాలు వచ్చింది. వినడానికి ఇది ఏమీ కాదు. మైలుకు అంగుళం పైచిలుకు తేడా. వందల మైళ్ళ రేఖాంశ చాపం కొలిచేవారికి అది నిద్రపట్టనివ్వని తేడాయే. 1830లో ఇంకా విచిత్రమైన లోపం బయటపెట్టాడు. కొలబద్దను ఉంచిన బల్ల సమతలంగా లేకపోతే కడ్డీ కంటికి కనిపించనంత వంగుతుంది. గీతలు పైభాగాన ఉన్నాయి కాబట్టి వాటి మధ్య దూరం మారుతుంది. గీతలు మందానికి సరిగ్గా నడిమి పొర వద్ద ఉంటే ఈ దోషం పోతుందని చూపాడు. ఖగోళ పరికరాలకు నిట్టనిలువు దిశను చూపడానికి పాదరసం మీద తేలే దర్శిని ఒకటి కల్పించి, దానికి 1831లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారి బంగారు పతకం పొందాడు.

శనిగ్రహపు వలయంలో చీలికలు చూడడం, రష్యా ప్రభుత్వానికి తూనికలు కొలతల ప్రమాణాలు తయారు చేసి ఆ దేశపు బిరుదు అందుకోవడం, లార్డ్‌నర్‌తో కలిసి యంత్రశాస్త్ర గ్రంథం రాయడం – ఇవి కూడా ఉన్నాయి.

1824లో పార్లమెంటు చట్టం చేసింది. ప్రమాణపు గజం పోయినా, చెడినా, కేటర్ లోలకం కొలత ఆధారంగా కొత్త గజం చేసుకోవాలన్నది అందులోని నిబంధన. ఒక మనిషి కొలిచిన సంఖ్య ఇలా చట్టంలో కూర్చోవడం అరుదు. నాలుగేళ్ళకే పునాది కదిలింది. 1828లో బెసెల్ అనే జర్మన్ ఖగోళజ్ఞుడు, గాలి లోలకాన్ని తేల్చడం ఒక్కటే కాదనీ, ఊగే లోలకం కొంత గాలిని వెంట లాక్కుపోతుందనీ, ఆ గాలి బరువు కూడా ఊపులో చేరుతుందనీ నిరూపించాడు. కేటర్ చేసిన గాలి సవరణ చాలలేదు. అన్నిటినీ అనుమానించిన మనిషికి, పోర్ట్‌లండ్ ప్లేస్ గదిలో తన చుట్టూ ఉన్న గాలి ఒక్కటే అనుమానానికి అందకుండా తప్పించుకున్నది.

1834 అక్టోబరు 16 రాత్రి పార్లమెంటు భవనం కాలిపోయింది. ఖజానా వారి పాత లెక్కల కర్రలు, గాట్లు పెట్టిన పనికిరాని కొయ్య ముక్కలు, పొయ్యిలో వేసి తగలబెడుతుండగా మంటలు గోడలకెక్కాయి. ఆ అగ్నిలో ప్రమాణపు గజం చెడింది. చట్టం ఊహించిన ఆపద సరిగ్గా వచ్చింది. కేటర్ ఇంకా బతికే ఉన్నాడు. 1835 ఏప్రిల్ 26న లండన్‌లో మరణించాడు. వయస్సు 58.

1838లో ఏర్పడిన సంఘం మూడేళ్ళు విచారించి, లోలకం ద్వారా గజాన్ని తిరిగి రాబట్టడం నమ్మదగినది కాదని తేల్చింది. కాలిపోయిన గజంతో అంతకుముందే పోల్చి ఉంచిన కొలబద్దల నుండి కొత్త గజాన్ని తయారు చేశారు. 1855లో అది చట్టబద్ధమైంది. ఆ పాత పోలికలు చేసినవారిలో కేటర్ ఒకడు. ఆయన గర్వించదగిన లోలకపు సంఖ్యను తోసిపుచ్చి, ఆయన గుమాస్తాలా కూర్చొని చేసిన కొలబద్దల పట్టీల వంటివాటిని స్వీకరించారన్న మాట.

గజం సంగతి అలా ముగిసినా గురుత్వం కొలిచే పనిలో లోలకానికి పోటీ లేదు. 1865లో రాయల్ సొసైటీ వద్ద ఉన్న కేటర్ తరహా మార్పులేని లోలకాలు రెండు హిందూదేశం వచ్చాయి. కెప్టెన్ బసేవి వాటిని గాలి తీసివేసిన పాత్రలో ఊపుతూ, లాంబ్టన్ మొదలుపెట్టిన సర్వే కేంద్రాల వెంట దక్షిణం నుండి హిమాలయాల వరకు పోయాడు. బెంగళూరు, మద్రాసు, మంగుళూరు, యానాం పక్కనున్న కాకినాడ – అన్ని చోట్లా ఊపాడు. సముద్రపు ఒడ్డున గురుత్వం ఎక్కువ, లోనాడులో తక్కువ, కొండల దిక్కుకు పోయేకొద్దీ ఇంకా తక్కువ వచ్చింది. అంత ఎత్తైన పర్వతం పక్కన గురుత్వం పెరగాలి గాని తగ్గడమేమిటి? పర్వతాల కింద తేలికైన శిల లోతుగా దిగి ఉన్నదన్న ఊహకు ఆ సంఖ్యలు బలమైన సాక్ష్యమయ్యాయి. లడక్‌లో పదిహేను వేల అడుగులకు పైనున్న మోరే మైదానంలో కొలతలు తీసి, ఆ పని మీదనే ఉండగా 1871 జూలై 17న బసేవి చలికి, జబ్బుకు ప్రాణాలు విడిచాడు. మిగిలిన పనిని హెవిసైడ్ అనే మరొక అధికారి పూర్తి చేశాడు.

1906లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో, కేటర్ పద్ధతినే మెరుగుపరచిన తిరగేసే లోలకాలతో కొలిచిన విలువను లోకంలోని గురుత్వ సర్వేలన్నిటికీ మూలంగా పెట్టుకున్నారు. అది సుమారు 14 మిల్లీగాల్‌ల మేర ఎక్కువని తరువాత తేలింది. వస్తువును శూన్యంలో జారవిడిచి దాని పతనాన్ని కాంతి తరంగాలతో కొలిచే పద్ధతులు వచ్చాక, 1971లో దాని స్థానంలో కొత్త అంతర్జాతీయ జాలకం అమలైంది. కళాశాలల ప్రయోగశాలలలో మాత్రం కేటర్ లోలకం ఊగుతూనే ఉన్నది. రెండు కాలాలను పూర్తిగా సమానం చేసేవరకు దిమ్మలను జరపనక్కరలేదు, దాదాపు సమానమైతే చాలు, మిగతాది సూత్రం చూసుకుంటుంది. విద్యార్థుల ప్రాణానికి హాయిగా ఉన్న ఆ సూత్రం బెసెల్‌ది.